ఉక్కు కంపెనీ వేసిన చదరంగం బల్ల



మన గుళ్లలో, బళ్లలో తలెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద పేర్లు కనిపిస్తాయి. ఫలానా వారి జ్ఞాపకార్థం అని, ఫలానా దంపతులు అని. ఫ్యాను ఆగి ఉంటే చదవగలం, తిరుగుతుంటే చదవలేం. ఆ సంగతి దాతకీ తెలుసు, అయినా రాయిస్తాడు. అందులో తప్పుపట్టడానికి నాకేమీ కనబడదు. ఇచ్చినవాడు పేరు కోరుకోవడం లోకసహజం. గాలి మనకు తగులుతోంది కదా! పేచీ ఎక్కడంటే, ఫ్యాను బిగించకుండా పేరొక్కటే బిగించినప్పుడు. వినాయక చవితి పందిట్లో దేవుడికన్నా ఎత్తుగా లేచే ఫ్లెక్సీలు చూస్తున్నాం. ముఖ్య అతిథి వచ్చేదాకా ఎండలో నిలబడే స్కూలు పిల్లల్ని చూస్తున్నాం. శాలువా, జ్ఞాపిక, ఫొటో, మర్నాడు పేపర్లో రెండు కాలాల వార్త. ఆ మర్నాటికి పందిరి గుంజలు కూడా ఉండవు.

కంపెనీలు ఊళ్లకు ఖర్చుపెట్టడం, ఆటలకూ పాటలకూ స్పాన్సర్లుగా ఉండటం, అతిథుల్ని పిలిచి వేడుకలు చేయడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. దీని మీద సూత్రాలు చెప్పడం తేలికే. నేను మాత్రం ఒక్క ఊరి కథ చెబుతాను. అది మన ఊరు కాదు. కానీ ఆ ఊరి కథలో మన వాళ్లున్నారు, ఆ ఊరి ఫ్యాక్టరీ మీద మన దేశపు పేరూ ఉంది.

నెదర్లాండ్స్‌లో, ఉత్తర సముద్రం ఒడ్డున, వైక్ ఆన్ జీ అనే పల్లె ఉంది. జనం రెండు వేల పైచిలుకు. ఒక పక్క ఇసుకదిబ్బలు, వాటి అవతల సముద్రం. దక్షిణాన ఐమౌడెన్ ఉక్కు కర్మాగారం. ఊళ్లోంచి చూస్తే దాని చిమ్నీలు కనబడుతూనే ఉంటాయి. ఎండాకాలం జనం సముద్రస్నానాలకు వస్తారు. జనవరిలో ఎముకలు కొరికే చలి, మనిషిని నిలబడనివ్వని గాలి. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లాలని ఎవరికీ బుద్ధి పుట్టకూడదు. కానీ చదరంగం ఆడే ప్రపంచమంతా సరిగ్గా జనవరిలోనే ఆ పల్లె వైపు చూస్తుంది. టాటా స్టీల్ చెస్ టోర్నమెంట్ జరిగేది అక్కడే, అప్పుడే.

దీని పుట్టుక చిన్నది. ఐమౌడెన్‌లో హోగోవెన్స్ అనే ఉక్కు సంస్థ 1918లో మొదలైంది. ఆ సంస్థ చదరంగం క్లబ్బు వాళ్లు 1938లో పక్కనున్న బెవర్‌వైక్ పట్నంలో ఒక పోటీ పెట్టారు. ఆ దేశంలో అప్పుడు చదరంగం వేడి మీదుంది. వాళ్ల మాక్స్ యూవె అప్పటికి మూడేళ్ల కిందటే, 1935లో, ప్రపంచ చాంపియన్ అయ్యాడు. తొలి ఏళ్లలో ఆడింది స్వదేశీయులే. యుద్ధం వచ్చింది, జర్మన్లు ఆక్రమించుకున్నారు, అయినా పోటీ సాగింది. ఆగింది ఒక్క 1945లోనే. 1946 నుంచి విదేశాల ఆటగాళ్లు రావడం మొదలైంది. 1968లో పోటీ బెవర్‌వైక్ నుంచి వైక్ ఆన్ జీకి మారింది. అప్పటినుంచి అక్కడే.

ఈ 1946 దగ్గర కాస్త ఆగుతాను. యుద్ధం అయితే ముగిసింది గానీ తిండి ఇంకా రేషన్ మీదే దొరుకుతోంది. దేశదేశాల నుంచి వచ్చిన అతిథులకు ముగింపు విందు ఇవ్వాలి. ఇవ్వడానికి ఏముంది? ఎండు బఠాణీల సూపు. చెంచా నిలబెడితే నిలబడేంత చిక్కగా కాచే సూపు అది, ఆ దేశంలో చలికాలం ప్రతి ఇంట్లో ఉండేదే. అదే వడ్డించారు. తరువాత రోజులు మారాయి, లేమి పోయింది, కంపెనీ ప్రపంచస్థాయికి ఎదిగింది. అయినా ముగింపు విందులో బఠాణీ సూపు మాత్రం తీసేయలేదు. ప్రపంచ చాంపియన్ గెలిచినా అదే సూపు. అతిథిమర్యాద అంటే ఖర్చు చూపించడమే అనుకునే మన ఈవెంట్ మేనేజర్లు ఒకసారి ఆ గిన్నె వైపు చూడాలి. ఇంట్లో ఉన్నది పెట్టారు, పెట్టినదాన్ని మరిచిపోలేదు, అంతే.

ఇక ఆట జరిగే చోటు. డె మోరియాన్ అని ఊరి కమ్యూనిటీ హాలు. మన దగ్గర కల్యాణ మండపం ఎలాగో వాళ్లకు అది అలాంటిది. ఊరి వాళ్ల వ్యాయామాలు, సమావేశాలు, వేడుకలు అన్నీ అందులోనే. జనవరి వచ్చేసరికి ఆ హాల్లో బల్లలు వరసగా పరుస్తారు. ఒక చివర ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు పద్నాలుగు మంది మాస్టర్స్ విభాగంలో, మరో పద్నాలుగు మంది చాలెంజర్స్ విభాగంలో కూర్చుంటారు. మిగతా హాలంతా ఎవరిది? మామూలు జనానిది. బడిపంతుళ్లు, విద్యార్థులు, రిటైరైన వాళ్లు, ఉద్యోగానికి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు, వందల మంది. ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన కార్ల్‌సన్ ఆడే హాల్లోనే వాళ్లూ ఆడతారు. తన ఎత్తు వేసి లేచి, కాళ్లు సాగదీసుకుంటూ నాలుగడుగులు వేస్తే తాడు అవతల ప్రపంచ చాంపియన్ తల పట్టుకుని ఆలోచిస్తూ కనబడతాడు. రౌండు మొదలుపెట్టడానికి ఒక అతిథిని పిలిచి జేగంట కొట్టిస్తారు. జేగంట మోగాక ఇక ప్రసంగాలుండవు. చెస్ గడియారాలు నడుస్తాయి.

సామాన్యుల పోటీకి ఒక పద్ధతుంది. పదేసి మందిని ఒక గుంపుగా వేస్తారు, ఇంచుమించు సమానమైన బలం ఉన్నవాళ్లని. గుంపులో మొదట నిలిచినవాడికి దక్కే అసలు బహుమతి వచ్చే ఏడాది పై గుంపులో ఆడే అర్హత. సెలవు దొరకని వాళ్లకు వారాంతపు పోటీలు, నలుగురేసి గుంపులు. చాలెంజర్స్ గెలిచినవాడికి వచ్చే ఏడాది మాస్టర్స్‌లో చోటు. అంటే అట్టడుగు బల్ల నుంచి పై బల్లదాకా మెట్లున్నాయి. అందరూ ఎక్కలేరనుకోండి, కానీ మెట్లు మాత్రం ఉన్నాయి. ఇంకో సంగతి గమనించాలి. బహుమతి వచ్చే ఏడాది ఆటలో ఉందంటే, వచ్చే ఏడాది పోటీ ఉంటుందని ముందే మాట ఇచ్చినట్టు. ఒక్కసారి చేసి చేతులు దులుపుకునే స్పాన్సరు ఆ బహుమతి ఇవ్వలేడు.

ఆ మెట్లు నిజంగా ఎక్కినవాళ్లున్నారు. మాగ్నస్ కార్ల్‌సన్ 2004లో పదమూడేళ్ల పిల్లాడుగా అక్కడ అప్పట్లో ఉన్న మూడో విభాగం గెలిచాడు. 2006లో రెండో విభాగంలో మొదటి స్థానం పంచుకున్నాడు. 2007లో పై విభాగంలోకి వచ్చి అడుగున తేలాడు. 2008లో అదే విభాగంలో మొదటి స్థానం పంచుకున్నాడు. దాంతో కలిపి మొత్తం ఎనిమిది సార్లు గెలిచాడు.

మన కథకు వద్దాం. గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2012లో వైక్ ఆన్ జీలో రెండో విభాగం గెలిచి మరుసటి ఏడు పై విభాగంలో ఆడాడు. హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2022లో చాలెంజర్స్ విభాగాన్ని ఇంకో రౌండు మిగిలి ఉండగానే గెలిచేశాడు. 2023లో మాస్టర్స్‌కు వెళ్లి ఆఖరి స్థానంలో నిలిచాడు. కార్ల్‌సన్‌కు 2007లో జరిగినట్టే. ఆ తరువాత 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. మన దేశంలో ఆనంద్ తరువాత ఆ గీత దాటింది అతనే. 2025 జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు అక్కడ ఐదుగురు భారతీయులు మాస్టర్స్‌లో ఉన్నారు. అందులో హరికృష్ణ, అర్జున్ ఇద్దరూ మన వాళ్లే. చివరి రౌండులో అర్జున్ అప్పటి ప్రపంచ చాంపియన్ గుకేశ్‌ను ఓడించాడు. ప్రజ్ఞానంద కూడా తన ఆట ఓడిపోవడంతో ఇద్దరూ సమానంగా నిలిచి టైబ్రేక్ ఆడాల్సి వచ్చింది, ప్రజ్ఞానంద గెలిచాడు. డచ్చి పల్లెలో, చలిలో, ఒక కమ్యూనిటీ హాల్లో చెన్నై పిల్లల గెలుపు ఓటములు హనుమకొండ పిల్లాడి చేతిలో పడ్డాయన్నమాట!

ఈ ఎనభై ఏళ్ల పైచిలుకు ప్రయాణంలో ఫ్యాక్టరీ బోర్డు మారింది. 1999లో హోగోవెన్స్, బ్రిటిష్ స్టీల్ కలిసిపోయి కోరస్ అయ్యాయి. పోటీ పేరు కోరస్ అయింది. 2007లో టాటా స్టీల్ కోరస్‌ను కొంది. ఒక భారతీయ సంస్థ విదేశంలో అంత పెద్ద కొనుగోలు చేయడం అప్పటికి అదే మొదలని పత్రికలన్నీ రాశాయి. కొన్న వెంటనే బోర్డులు మార్చేయడం కొత్త యజమానుల అలవాటు. ఇక్కడ మాత్రం పోటీకి టాటా స్టీల్ పేరు వచ్చింది 2011లో. యజమాని మారితే ముందు కత్తెర పడేది ఇలాంటి ఖర్చుల మీదే. పడలేదు. ఎందుకు పడలేదో బోర్డు మీటింగుల్లో కూర్చున్నవాళ్లకే తెలియాలి. నా ఊహ ఏమిటంటే, అప్పటికే ఆ పోటీ కంపెనీ చేతిలోంచి ఊరి చేతిలోకి వెళ్లిపోయింది. ఆపేస్తే కంపెనీ ఒక ఖర్చు తగ్గించుకున్నట్టు కాదు, ఊరి పండగ ఎత్తేసినట్టు అవుతుంది.

టాటాలకు ఇది కొత్త విద్య కూడా కాదు. 1907లో కంపెనీ పెట్టి, అడవిలో ఊరు కట్టి, ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు వచ్చేదాకా చూశారు. అక్కడ తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు మార్చి 3 సంగతి నేను చెప్పక్కర్లేదు. వ్యవస్థాపకుడి పుట్టినరోజున జూబిలీ పార్కు దీపాలు చూడటానికి ఊరంతా కదులుతుంది. ఆ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించారు. 1987 నుంచి ఫుట్‌బాల్ అకాడమీ నడుపుతున్నారు. 2018 నుంచి కోల్‌కతాలో కూడా చదరంగం పోటీ పెడుతున్నారు. అర్జున్ 2021లో అక్కడ ర్యాపిడ్ విభాగం గెలిచాకే, రెండు నెలలకు, వైక్ ఆన్ జీలో నెగ్గాడు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది ప్రకటన అవుతుంది గానీ ప్రసంగం కాదు.

ఆ పల్లెలో కిటికీ గూట్లో, ఆరేసిన బట్టల మీద, పిల్లలు ఆడుకునే చోట నల్లటి ధూళి పడుతుంది. విశాఖ పాతపట్నం శ్రోతలకు ఈ మాట విడమరిచి చెప్పనవసరం లేదు. నెదర్లాండ్స్ ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ 2021లో ఆ చుట్టుపక్కల ధూళిని పరీక్షించింది. అందులో సీసం, ఇతర లోహాలు, బొగ్గు కాలితే వచ్చే హానికర రసాయనాలు ఉన్నాయని, పిల్లల ఆరోగ్యానికి అది మంచిది కాదని చెప్పింది. ఊరివాళ్లు వందల సంఖ్యలో ఒక న్యాయవాది ద్వారా ఫిర్యాదు చేశారు. 2022లో ఆ దేశపు ప్రాసిక్యూషన్ విభాగం కంపెనీ మీద నేర విచారణ మొదలుపెట్టింది. కంపెనీ ధూళి తగ్గించే పనులు చేపట్టింది. బొగ్గు కొలిమి స్థానంలో విద్యుత్ కొలిమి పెడతామంటోంది. ఆ వాదప్రతివాదాలు ఇంకా నడుస్తున్నాయి, తీర్పు చెప్పడం మన పని కాదు.

మనం అడగవలసింది వేరే ఉంది. జనవరిలో హాలు నింపే ఊరివాళ్లు, ఫిబ్రవరిలో కిటికీ తుడుచుకునే ఊరివాళ్లు ఒకరే. వాళ్లకు ఈ రెండింటిలో గందరగోళం లేదు. పోటీ బాగుంది, ధూళి బాగులేదు. సూపు తాగినంత మాత్రాన ధూళి గురించి అడగకూడదని ఎవరూ అనుకోవడం లేదు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. మన దగ్గర ఉప్పు తిన్నందుకు నోరు కట్టేసుకోవాలన్న మొహమాటం ఎక్కువ. ఊరికి కంపెనీ మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తే, వాగులోకి వదిలే నీళ్ల రంగు గురించి సర్పంచి గొంతు తగ్గుతుంది. స్కూలుకు బెంచీలు ఇస్తే పంచాయతీ తీర్మానం వాయిదా పడుతుంది. ట్యాంకు వేరు, వాగు వేరు. రెండు పద్దులూ ఒకే పుస్తకంలో రాయకూడదు.

మన చట్టం ఈ విషయంలో కొంత తెలివిగానే ఉంది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఉంది. నికర ఆస్తి 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మన వాళ్లు సీఎస్సార్ నిధులు అంటారే, అవే ఇవి. అమల్లోకి రాగానే కొందరికి ఒక ఆలోచన వచ్చింది. మారథాన్ పరుగు పెట్టి, అవార్డుల సభ చేసి, టీవీ కార్యక్రమానికి స్పాన్సరుగా ఉండి ఆ ఖర్చంతా ఇందులో రాసేసుకోవచ్చు కదా అని. కుదరదని 2014 జూన్‌లోనే కేంద్రం స్పష్టం చేసింది. ఒక్కరోజు వేడుకలు లెక్కలోకి రావు. 2021లో నిబంధనలు మార్చినప్పుడు ఇంకా గట్టిగా చెప్పింది. తమ సరుకుకు ప్రచారం వచ్చేలా చేసే స్పాన్సర్‌షిప్ ఈ పద్దులో చూపించకూడదు. గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు, దేశం గుర్తించిన క్రీడలకు శిక్షణ ఇస్తే మాత్రం లెక్కలోకి వస్తుంది. అంటే పిల్లాడికి కోచ్‌ను పెడితే సేవ, పిల్లాడి వెనక బ్యానరు కడితే వ్యాపారం. వ్యాపారం నేరమేమీ కాదు, కానీ దాన్ని దానమని చెప్పకూడదు. ఆ లెక్కన వైక్ ఆన్ జీ పోటీ మన చట్టం ముందు నిలబడితే ప్రచారం కిందకే వస్తుందేమో. ప్రచారమే అయినా అంతకాలం, అంతమందికి చోటిచ్చిన ప్రచారం మన దగ్గర ఎన్ని కంపెనీలు చేశాయో లెక్కపెట్టబోతే నాకు ఒక చేతి వేళ్లు కూడా నిండటం లేదు.

మన పాత పద్ధతి ఒకటి మంచిది ఉండేది. ప్రభుత్వరంగ సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చేవి. మన చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగి. నెల జీతం, ఆటకు సెలవు, ఓడిపోయినా పోని కొలువు. జెర్సీ మీద బొమ్మ వేసుకునే ఒప్పందంతో దానికి పోలిక లేదు. కాన్పు అయ్యాక తిరిగొచ్చి 2019లో, మళ్లీ 2024లో, ఆమె ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయిందంటే ఆ స్థిమితం పాత్ర కూడా అందులో ఉంటుందని నేననుకుంటాను.

చదరంగం మీద ఇంతసేపు మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. ఇంత తక్కువ ఖర్చుతో నడిచే ఆట మరొకటి లేదు. స్టేడియం అక్కర్లేదు, గడ్డి పెంచక్కర్లేదు. బల్లలు, గడియారాలు, నిశ్శబ్దం, నలుగురు ఆర్బిటర్లు. గాజువాకలోనో, రామగుండంలోనో, పాల్వంచలోనో, ఫ్యాక్టరీ చిమ్నీ కనబడే ఏ ఊళ్లోనైనా కమ్యూనిటీ హాలు ఉంది. గుంటూరు, విజయవాడ, వరంగల్లు పిల్లలు ఈ ఆటలో ఎంతదాకా వెళ్లగలరో చూశాం. వాళ్లను మేటి ఆటగాళ్ల పక్క బల్ల మీద కూర్చోబెట్టే పోటీ ఏటా ఒకే తేదీలో, ఒకే చోట జరిగితే చాలు. ముఖ్య అతిథిని పిలవండి, జేగంట కొట్టించండి, బ్యానరు కూడా కట్టుకోండి. ప్రసంగం మాత్రం ఆట అయ్యాక పెట్టుకోండి.

కంపెనీల్లో ఈ నిధులు చూసే అధికారులు ఎవరైనా వింటూ ఉంటే నాదొక విన్నపం. ఈసారి మీ ఊరి చెస్ అసోసియేషన్ కుర్రాళ్లు చందా పుస్తకం పట్టుకుని ఆఫీసుకు వచ్చినప్పుడు, ఈ ఏడాదికి ఇంత అని చెక్కు రాసి పంపేయకండి. కూర్చోబెట్టి పదేళ్లకు ఒప్పందం రాసుకోండి. ఊరివాళ్లకూ ఒక మాట. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన చేత్తోనే, చిమ్నీ పొగ గురించి రాయవలసిన అర్జీ కూడా రాయండి.